పేరు మాత్రం నేతగాడిది

786
మాలేగావ్,
20 ఆగస్టు 1997, బుధవారం.

ముస్తకీం మామూకి సఫూరా సలాములు.

మీరు పంపిన పాదం సోమవారం అందింది. ఇదిగో దాని మీద కట్టిన అరవై రెండో గజల్. ఏడు షేర్లు, పద్నాలుగు పాదాలు. నాలుగు షేర్లు నూలు కండెలు చుట్టే యంత్రం దగ్గర కుదిరాయి, రెండేమో రొట్టె తింటుంటే వచ్చాయి. ఖాళీ నూలు గొట్టాల మీద రాసుకుంటున్నానని చెప్పాను కదా, మొన్న మా మీద పెత్తనం చేసే ముకద్దం వాటన్నిటినీ ఊడ్చి, మూటగట్టి మిల్లుకు తిప్పి పంపేశాడు. ఇదేంటని అడిగితే, "నీ కవిత్వం ఊరూరా తిరుగుతోంది, సంతోషించు" అన్నాడు. చేతిలో ఉన్న గొట్టం వాడి మొహాన విసిరాను. మధ్యాహ్నం దాకా షెడ్డు బయట నిలబెట్టాడు. మిగిలిన ఆ ఒక్క షేర్ అక్కడే వచ్చింది. అది ఐదోది, చూడండి.

పక్క యంత్రం హాజ్రా బీ అడుగుతుంది, "నీ చేతులు కండెలు చుడుతుంటాయి సరే, పొద్దుటి నుంచి నీ నోరు ఎవర్ని తిడుతోందే?" అని. పాదం తూకం చూసుకుంటున్నానన్నాను. "తిట్టడమే నయం, ఒళ్ళు తేలికవుతుంది" అంది.

ఇక రెండు విషయాలు సూటిగా అడుగుతాను. నాకు చుట్టూ తిరిగి మాట్లాడటం రాదు, మీకు తెలుసు.

ఒకటి. నేను బుధవారం పంపేది మీకు శుక్రవారం పొద్దున అందుతుంది. ఎర్ర సిరాతో దిద్ది, మధ్యాహ్నం నమాజు తర్వాత మీ కవుల బైఠక్‌లో చదివి, శనివారం తిప్పి పంపుతారు. ఏడాదికి పైగా ఇదే పద్ధతి. కానీ యాభై ఒకటి, యాభై నాలుగు, యాభై ఏడు, అరవై తిరిగి రాలేదు. ప్రతి మూడోదీ మాయం. ఇదేం లెక్క మామూ?

రెండు. యాభై పూర్తయితే కలం పేరు పెడతానన్నారు. పన్నెండు వారాలయింది. ఆఖరి షేర్‌లో పేరు పడాల్సిన చోట ఖాళీ వదిలి పంపుతున్నాను. పేరు లేని గజల్ తీగ మీద ఆరేసిన చొక్కా. దారిన పోయే ఎవడైనా తొడుక్కోవచ్చు.

బైఠక్‌లో చదివేటప్పుడు "మాలేగావ్‌లో ఉన్న నా శిష్యురాలిది" అని చెప్పే చదువుతున్నారు కదా? ఊరికే అడుగుతున్నాను.

అమ్మీ మీకు సలాం చెప్పమంది. కాళ్ళ వాపు తగ్గింది.

మీ సఫూరా


భివండీ,
23 ఆగస్టు 1997, శనివారం.

చిరంజీవి సఫూరా బేటీకి మామూ దీవెనలు.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఉస్తాద్‌ని పోలీసు స్టేషన్‌లో కూర్చోబెట్టి అడిగినట్టు అడిగావు. మీ అమ్మీ, అదే మా ఆపా, కూడా చిన్నప్పుడు ఇంతే, నా జేబులు వెతికాకే అన్నం పెట్టేది.

ఆ నాలుగు కాగితాలు వానకు తడిసిపోయాయి తల్లీ. మా గది కప్పు సంగతి నీకు తెలియనిది కాదు. సిరా కారిపోయి ఎర్రదీ నీలందీ కలిసిపోయాయి. ఆ మరకలు నీకెలా పంపేది?

కలం పేరు విషయంలో తొందరపడకు. పచ్చి గోడకు సున్నం వేస్తే పెచ్చులూడుతుంది. ఇంకో పాతిక కానీ.

ఇక్కడ ఒక ముచ్చట. మా బైఠక్ నియమం నీకు చెప్పానో లేదో. వరసగా మూడు శుక్రవారాలు ఖాళీ చేతులతో వచ్చినవాడు చాప మీది నుంచి లేచి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన, వినేవాళ్ళతో కూర్చోవాలి. మళ్ళీ చాప ఎక్కడం దాదాపు ఉండదు. పాపం కరీముద్దీన్‌కు మొన్న ఆ గతి పట్టింది. ఇరవై ఏళ్ళుగా కూర్చున్న చోటు. లేచేటప్పుడు మోకాలు పట్టేసినట్టు నటించాడు. ఎవరూ నవ్వలేదు.

నీ అరవై రెండోది ఇందులో పెట్టాను. గుమ్మం బయట పుట్టిన ఆ షేర్ బాగుంది, ఒక్క మాటే మార్చాను. ఈ వారం పాదం: "ఎంత దాచినా వేలి మీద ఆ గుర్తు ఉన్నది."

బుధవారం తప్పకుండా పంపు. వారం తప్పితే చెయ్యి బిగుసుకుపోతుంది.

మీ మామూ
ముస్తకీం 'బేరంగ్'


మాలేగావ్,
3 సెప్టెంబరు 1997, బుధవారం.

మామూ,

ఈ వారం గజల్ లేదు. ఉత్తరం మాత్రమే.

మా వీధి చివరి ఇంటి ఎజాజ్ మీ బైఠక్ పక్క కార్ఖానాలోనే మగ్గం నడుపుతాడు, గుర్తుందా? అక్క పెళ్ళి మాటలకని వచ్చాడు. కుళాయి దగ్గర నిలబడి పాడుతున్నాడు:

*తెగిన ప్రతి చోటా ముడేశాను, పేరు మాత్రం నేతగాడిది;
ఎంత దాచినా వేలి మీద ఆ గుర్తు ఉన్నది.*

బిందె అక్కడే వదిలేసి అడిగాను, "ఇదెవరిది?" అని.

"బేరంగ్ సాహెబ్‌ది. మొన్న శుక్రవారం చదివాడు. నాలుగుసార్లు మళ్ళీ మళ్ళీ చదివించారు తెలుసా! మీ మామూ ముసలితనంలో నిప్పు రాజేస్తున్నాడు."

"శిష్యురాలిదని చెప్పాడా?"

"ఏ శిష్యురాలు?" అన్నాడు వాడు.

మామూ, అది నా అరవై మూడోది. ఇరవై ఏడో తారీఖున పోస్టు డబ్బాలో వేశాను. కింది పాదం మీరిచ్చిందే, ఒప్పుకుంటాను. పై పాదం నాది. నూలు కోసి కోసి నా చూపుడు వేలికి గాడి పడింది, ఆ గాడి నుంచి వచ్చిన పాదం. నేను "గుడ్డ మాత్రం నేతగాడిది" అని రాశాను. ఎజాజ్ పాడినదాంట్లో "పేరు" అని ఉంది. అంటే మీరు దిద్దారు. దిద్దింది నాకు పంపకుండా వీధికి పంపారు. నా పాదంలో "పేరు" అనే మాట పెట్టింది మీరే, ఆ పేరు కొట్టేసిందీ మీరే! రాస్తున్నప్పుడు మీ చెయ్యి ఆగలేదా?

మీ గది కప్పు మూడు వారాలకోసారే కారుతుందా?

పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా కండెలు చుడతాను. నేను చుట్టిన కండె మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలోకి వెళ్ళి పేక అవుతుంది, గుడ్డ అవుతుంది. ఆ గుడ్డ మీద నా పేరు లేదని ఏనాడూ ఏడవలేదు. అది కూలి పని. ఇది కూలి పని కాదు. నాకున్నది ఇదొక్కటే.

జవాబు రాయండి. వాన సంగతి మాత్రం రాయొద్దు.

సఫూరా


భివండీ,
6 సెప్టెంబరు 1997, శనివారం.

సఫూరా,

మామూతో మాట్లాడే తీరేనా ఇది? నీకు పాదం తూకం ఎవరు నేర్పారు? ఏడో తరగతితో బడి మానేసిన పిల్లకు ఏది దీర్ఘమో ఏది హ్రస్వమో ఉత్తరాల మీదే నేర్పిందెవరు?

ఒకే పాదం నలభై మందికి ఇచ్చినప్పుడు ఇద్దరికి ఒకే ఆలోచన తట్టడం కొత్తేమీ కాదు. పెద్ద పెద్దవాళ్ళకే జరిగింది. నేనూ నేతగాణ్ణే, నా వేలికీ గుర్తులున్నాయి. ఎజాజ్ ఒక వాగుడుకాయ. షేర్ సగం వింటాడు, సగం కల్పిస్తాడు.

నీ ముమానీ, నా ఇల్లాలు, బతికి ఉంటే ఈ ఉత్తరం చూసి ఎంత బాధపడేదో.

ఒక్క మాట మాత్రం విను. నా మీద కోపం ఉంటే ఉండనీ, రాయడం ఆపకు. నిన్న నీ గజల్ రాలేదు. పోస్ట్‌మాన్ కోసం రెండుసార్లు వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. ఈ వారం పాదం కింద రాశాను. బుధవారం పంపు.

మామూ


మాలేగావ్,
17 సెప్టెంబరు 1997, బుధవారం.

గౌరవనీయులైన మామూకి సఫూరా వేయి సలాములు.

రెండు బుధవారాలు పంపలేదు, క్షమించండి. మీరన్నట్టే అయి ఉంటుంది. ఒకే పాదం మీద ఇద్దరికి ఒకే ఆలోచన రావడం నాకు తెలియని విషయం. చదువు తక్కువదాన్ని. ఎజాజ్ వాగుడుకాయ అని అమ్మీ కూడా అంది.

మీరు పదమూడో తారీఖున పంపిన పాదం మీద ఇదిగో అరవై నాలుగోది. తొందరలో రాశాను, తప్పులుంటే మీ దయ. మూడో షేర్ మీకు నచ్చుతుందనుకుంటున్నాను:

*పడుగు దారం నాడెలో పోసుకుని పొద్దంతా అటూ ఇటూ;
ఎంత తిరిగినా ఈ ఊళ్ళో నా ఇల్లు లేదు.*

కలం పేరు గురించి ఇంక అడగను. హాజ్రా బీకి జ్వరం. ముకద్దం ఆమె యంత్రం కూడా నా నెత్తినే పెట్టాడు.

మీ విధేయురాలు
సఫూరా


మాలేగావ్,
20 సెప్టెంబరు 1997, శనివారం.

ముస్తకీం 'బేరంగ్' గారికి,

పట్టుకున్నాను.

ఎజాజ్ నిన్న మీ బైఠక్ గుమ్మంలో నిలబడి విన్నాడు. పొద్దునే బస్సు దిగి తిన్నగా మా ఇంటికే వచ్చాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "మీ మామూ నాడెలో పడుగు పెట్టాడే! నలభై మంది నేతగాళ్ళ ముందు! ఒకడు చాప మీద పడి దొర్లాడు. ఇంత గోల నేనెప్పుడూ చూడలేదు. నాకు బస్సు టైమై మధ్యలో వచ్చేశాను."

నాడెలోకి పేక పోతుందని, పడుగు మగ్గానికి కట్టి ఉంటుందని మా షెడ్డు పిల్లికి కూడా తెలుసు. కావాలనే పెట్టాను. నాది నాదని చెప్పి చదివేవాడైతే పేకగా దిద్ది చదువుతాడు. దొంగ అయితే చూసుకోకుండా తన నోటితోనే చదివేస్తాడు అనుకున్నాను. చదివారు. మీ పేరుతోనే చదివారు.

మీ చేతి ఎర్ర కాగితాలు యాభై ఎనిమిది ఉన్నాయి నా దగ్గర, ట్రంకు పెట్టెలో, పెళ్ళి బట్టల మీద. అమ్మీ వాటిని చూసి, "ఇవి తీస్తే బట్టలకు చోటుంటుంది" అంటుంది. ఇప్పుడు తీసేస్తాను.

ఇంక పాదాలు పంపకండి. అమ్మీకి ఏమీ చెప్పలేదు. మీ మీద దయతో కాదు, ఆమె కాళ్ళ మీద దయతో.

సఫూరా


భివండీ,
21 సెప్టెంబరు 1997, ఆదివారం.

సఫూరా బేటీ,

రెండు రోజులుగా కలం పట్టుకుని కూర్చుంటున్నాను. ఈ ఉత్తరం నీకు చేరేలోపే ఎజాజ్ నీకు సగం చెప్పి ఉంటాడు. మిగతా సగం నేను చెప్తాను.

శుక్రవారం పొద్దున నీ కవరు వచ్చింది. "గౌరవనీయులైన", "విధేయురాలు" అని చూడగానే అనుమానం వచ్చింది. నువ్వు నన్ను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ గౌరవించలేదు. మూడో షేర్ దగ్గరికొచ్చేసరికి అర్థమైంది. పదమూడో ఏట నుంచి కండెలు చుట్టే పిల్ల నాడెలో పడుగు పెట్టదు. నాకోసం గొయ్యి తవ్వావు. "పడుగు" కొట్టేసి "పేక" రాద్దామని ఎర్ర కలం తీశాను. ఒక్క మాట. తూకం కూడా చెడదు. మూత తీయలేదు.

నువ్వు అనుమానించింది అంతా నిజం. నీకు తెలియనిది కొంచెం ఉంది.

మీ ముమానీ పోయినప్పటి నుంచి నాకు ఒక్క పాదం పుట్టలేదు. పదహారు నెలలు. పొద్దున టీ తాగుతూ ఒక షేర్ ఆమెకు వినిపించేవాణ్ణి. ఆమె గిన్నె తోముతూనే "ఊఁ" అనేది. ఆ "ఊఁ" కోసమే రాసేవాణ్ణని తెలియదు నాకు. ఆమె పోయిన నెలకు నీకు పాదాలు పంపడం మొదలుపెట్టాను. నీకు నేర్పడానికని అందరికీ చెప్పాను. నీది దిద్దుతుంటే నా చెయ్యి కదులుతుంది కదా, అందుకు.

ఏడాది పాటు పాత నోటుపుస్తకాల్లోంచి చదివాను. మే నెలలో అవీ అయిపోయాయి. రెండు శుక్రవారాలు ఖాళీ. మూడో శుక్రవారం పొద్దున నీ యాభై ఒకటోది వచ్చింది. చాప మీది చోటు పోతే వారానికి ఆ రెండు గంటలు కూడా ఉండవు నాకు. "నా శిష్యురాలిది" అనే మాట నోటిదాకా వచ్చిందని అబద్ధం చెప్పను. రాలేదు. ఆ తర్వాత ప్రతి మూడో వారం అంతే. నీకు కలం పేరు పెడితే ఆఖరి షేర్‌లో అది పడుతుంది, నేను చదవలేను. అందుకే పెట్టలేదు.

మొన్న నాకు మూడో శుక్రవారం. రెండు వారాలు నువ్వు పంపలేదు.

నా వంతు రాగానే చదివాను. "పడుగు దారం నాడెలో..." అన్నానో లేదో నవ్వులు లేచాయి. మా కూటం పెద్ద, సదర్ బాసిత్ సాహెబ్ కళ్ళజోడు తీసి, "బేరంగ్ మియా, ముప్పై ఏళ్ళు మగ్గం మీద ఏం నేశావయ్యా, గాలా?" అన్నాడు. ఒకడు, "నాడెలో పడుగు పెట్టావా, ఇక మగ్గానికి నన్ను కట్టు!" అని దొర్లాడు. నవ్వనిచ్చాను. అంతా అయ్యాక చెప్పాను. "ఇది నాది కాదు. మా ఆపా కూతురు సఫూరాది. ఇంతకు ముందు ఐదు కూడా ఆమెవే. మీరు నాలుగుసార్లు చదివించుకున్నది కూడా. నేను దొంగనో కాదో చూడటానికి పడుగు పెట్టింది. దొంగనే."

నవ్వినవాళ్ళు నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూశారు. నేను లేచి చెప్పుల దగ్గరికి వెళ్ళాను. మోకాలు పట్టినట్టు నటించలేదు. కరీముద్దీన్ జరిగి చోటిచ్చాడు.

నువ్వు నమ్మవని తెలుసు. నేను నీ చోట ఉంటే నేనూ నమ్మను. అందుకే బాసిత్ సాహెబ్ చేత, ఎవరు ఏం చదివారో రాసే రిజిస్టర్ పేజీ నకలు రాయించాను. ఐదు చోట్ల "బేరంగ్" కొట్టేసి "సఫూరా, మాలేగావ్" అని రాశాడు. పక్కన ఆయన సంతకం. ఇకపై నీది నువ్వు నేరుగా ఆయనకే పంపితే నీ పేరుతో చదువుతారట.

కలం పేరు ఆలోచించాను: 'నిషాన్'. గుర్తు. నీకిష్టమైతేనే.

ముస్తకీం


మాలేగావ్,
25 సెప్టెంబరు 1997, గురువారం.

మామూ,

నకలు చూశాను. సంతకం నిజందో కాదో తెలుసుకోవడానికి ఎజాజ్‌ని మళ్ళీ పంపాను. వాడు బాసిత్ సాహెబ్‌ని అడిగి ఫోన్ బూత్ నుంచి మా కిరాణా కొట్టుకు ఫోన్ చేశాడు. నిజమేనట. మీరు చెప్పుల దగ్గర కూర్చోవడం కూడా నిజమేనట. కరీముద్దీన్ మీకు తంబాకు పెట్టాడట.

క్షమించానని రాయను. రాస్తే అబద్ధమవుతుంది. ముమానీ "ఊఁ" సంగతి చదివి యంత్రం ఆపేశాను, అంతే. ముకద్దం అరిచాడు. హాజ్రా బీ వాడి మీద అరిచింది.

'నిషాన్' వద్దు. అమ్మీ పెట్టిన పేరుంది. సఫూరా. మూడే అక్షరాలు, ఏ పాదంలోనైనా ఇముడుతుంది.

నా గజళ్ళు బాసిత్ సాహెబ్‌కూ పంపను. మా షెడ్డులో రొట్టె వేళ నలుగురం కూర్చుంటున్నాం. ఇద్దరికి చదువు రాదు, నోటితో కడతారు, నేను గొట్టాల మీద రాస్తాను. ఎవరిది వాళ్ళ పేరుతో. మాకు చాపా లేదు, గుమ్మమూ లేదు. అందరం చెప్పుల మధ్యే కూర్చుంటాం, కాబట్టి ఎవర్నీ అక్కడికి పంపే అవసరం లేదు.

ఇక మన పద్ధతి మారుస్తున్నాను. పాదం నేనిస్తాను, మీరు రాస్తారు. బుధవారం డబ్బాలో పడాలి. ఒక్క షేర్ చాలు. నియమం మీదే: మూడు వారాలు వరసగా ఖాళీ అయితే నేను ఉత్తరాలు ఆపేస్తాను. ఇంకెవరిదైనా తెచ్చారా, నాకు తెలుస్తుంది. మీకు వల ఎలా వేయాలో ఇప్పుడు తెలుసు.

పాదం: "చేతిలో ఉన్నంత మాత్రాన అది నాది కాదు."

ట్రంకు పెట్టెలోంచి కాగితాలు ఇంకా తీయలేదు. తీరిక దొరకలేదు, అంతే.

సఫూరా


భివండీ,
15 అక్టోబరు 1997, బుధవారం.

సఫూరా,

మొదటి వారం ఖాళీ కార్డు పంపాను. రెండో వారం కూడా. ఇది మూడోది. పొద్దున టీ గిన్నె నేనే తోముతుంటే వచ్చింది. బాగోలేదేమో తెలియదు. నాదని మాత్రం తెలుసు.

*మంచం సగం ఖాళీ అయింది, దుప్పటి మొత్తం నాకే వచ్చింది;
చేతిలో ఉన్నంత మాత్రాన అది నాది కాదు.*

దిద్ది పంపు, ఉస్తాద్.

ముస్తకీం


మాలేగావ్,
18 అక్టోబరు 1997, శనివారం.

మామూ,

అందింది. రొట్టె వేళ చదివాను. హాజ్రా బీ "ఊఁ" అంది. నేను అనమనలేదు.

"మొత్తం" దగ్గర మీ పాదం కుంటుతోంది. ముప్పై ఏళ్ళుగా రాస్తున్న మనిషికి ఇది కనబడదా? నన్ను పరీక్షించడానికి పెట్టారా, నిజంగానే తప్పా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. తేలలేదు. మీ విషయంలో ఇక ఎప్పటికీ తేలదేమో.

ఎర్ర కలం కొన్నాను. ఆ మాట కింద ఒక గీత మాత్రం గీశాను. దాని చోట ఏం రావాలో నాకు తెలుసు, కానీ రాయను. నేను మాట పెట్టానంటే రేపు అది ఎవరిదో మన ఇద్దరికీ తెలియకుండా పోతుంది.

మీరే మార్చండి. బుధవారం పంపండి.

సఫూరా